మీగడ కింద సముద్రం

రాకెట్టు ఎగరాలంటే ఆకాశం బాగుండాలని అందరికీ తెలుసు. అందులో మనుషులు కూర్చుంటే సముద్రం కూడా బాగుండాలని చాలామందికి తెలియదు. దారిలో ఇంజను మొరాయించిందనుకోండి, మనుషులున్న గూడు రాకెట్టు నుంచి విడిపోయి వచ్చి నీళ్ళలో పడుతుంది. అక్కడ అలలు ఎగసిపడుతుంటే పైన దక్కిన ప్రాణం కింద పోతుంది. అందుకని తీరం నుంచి నడిసముద్రం దాకా పటం మీద ఒక పట్టీ గీశారు. ఆ పట్టీలో గాలి, అలల సగటు ఒక హద్దు దాటితే ఆ రోజు ప్రయోగం లేదని నియమం పెట్టారు. నియమం రాసినవాళ్ళు బుద్ధిమంతులే. చిక్కంతా దాన్ని చదివినవాళ్ళతో వచ్చింది.

నేను మొగలిదిబ్బ ప్రయోగ కేంద్రంలో వాతావరణాధికారిని. పేరు కస్తూరి. పుట్టింది దిబ్బకు ఎదురొడ్డునున్న గుల్లలపాలెంలో, చేపలు పట్టే పట్టపువాళ్ళ ఇంట్లో. మా అన్న ఆర్ముగం ఇప్పటికీ అక్కడి నుంచే బోటు మీద వేటకి పోతాడు. కేంద్రంలో నాకు రెండు పనులు. రాకెట్టు వాళ్ళకి వాతావరణం చెప్పడం మొదటిది. రోజూ సాయంత్రం ఈ తీరంలోని పడవలవాళ్ళ ఫోన్లకి సముద్ర సూచన పంపడం రెండోది. పచ్చరంగు వస్తే వేటకి పోవచ్చు, ఎర్రరంగు వస్తే పోకూడదు. మొదటి పనికి పేరొస్తుంది. నిద్ర పట్టనివ్వనిది రెండోది.

ఆ రంగుల్ని పాలెం చేత నమ్మించడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మొదట్లో ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ నన్ను చూసి ముసిముసిగా నవ్వేవాళ్ళు. "పాపా, నువ్వు పుట్టకముందు సముద్రం లేదా?" అని అన్నే ఎగతాళి చేసేవాడు. పట్టువదలకుండా ప్రతి ఆదివారం వెళ్ళి, వాళ్ళ మధ్య ఇసుకలో కూర్చుని చెప్పాను. ఒక ఎర్రరంగు నిజమైంది, మరొకటి నిజమైంది. తర్వాత మా వదిన ఫోనులో రంగు చూడందే అన్నని తెడ్డు ముట్టనిచ్చేది కాదు. నేను సంపాదించిన ఆస్తి ఏదైనా ఉంటే ఆ నమ్మకమే.

ఇక మీగడ సంగతి. అది మా ఆయన ఓబుళేసు కనిపెట్టిన మందు. అనంతపురం జిల్లాలో వాళ్ళ ఊరి చెరువు మాఘమాసం రాకముందే ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని ఆపాలని రసాయన ప్రయోగశాలలో సగం జీవితం గడిపాడు. చివరికి నీటి మీద కంటికి కనపడనంత పలచగా పరుచుకునే పొర ఒకటి తయారుచేశాడు. పాల మీద మీగడలాగా ఉంటుందని దానికి ఆ పేరే పెట్టాడు. ఆ పొర చేపకి, మొక్కకి హాని చెయ్యదు. నీటిని మాత్రం ఎండకి వదలదు.

డైరెక్టర్ నృసింహం గారు ప్రయోగశాలకి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పెద్ద తొట్టి నిండా నీళ్ళు, ఒక చివర పంకా. పంకా గాలికి నీటి మీద చిన్న చిన్న అలలు లేస్తున్నాయి. ఓబుళేసు గాజుకడ్డీతో ఒక్క చుక్క వదిలాడు. కడ్డీ చుట్టూ మొదలై తొట్టి అంచు దాకా నీళ్ళు నున్నగా అయిపోయాయి. పంకా తిరుగుతూనే ఉంది. మా ఆయన ఆవిరి లెక్కలు చెప్పబోయాడు, నృసింహం గారు వినలేదు. నున్నటి నీళ్ళవైపే చూస్తున్నారు.

"ఇది సముద్రం మీద పనిచేస్తుందా?"

"చెరువుల కోసం చేసినాను సార్."

"చేస్తుందా, చెయ్యదా?"

"చేస్తాది. కానీ యాల సార్?"

ఎందుకో నాకు అప్పుడే అర్థమైంది. కార్తీకం నడుస్తోంది, ఈశాన్యపు గాలుల కాలం. ముగ్గురు మనుషులతో ఎగరవలసిన రాకెట్టు సముద్రం ఒప్పుకోక ఇప్పటికే పలుమార్లు ఆగింది. ఢిల్లీ నుంచి పెద్దలు రావడం, గెస్ట్‌హౌసులో భోంచేసి తిరిగిపోవడం జరుగుతోంది. నృసింహం గారి ముఖం మీద ఒకటే ప్రశ్న ఉంది: అలలు తగ్గేదాకా ఎందుకు ఆగాలి, అలల్ని మనమే తగ్గించుకుంటే పోదా? ముందు సముద్రం, తర్వాత చెరువులు అని మా ఆయనకి మాట ఇచ్చారు. మా ఆయన చెరువుల పథకం అలా డైరెక్టర్ గారి చేతిలోకి పోయింది.

పరీక్ష కోసం ఓడ మీద నుంచి పట్టీలో కొంతమేర మీగడ చల్లారు. మర్నాడు ఉపగ్రహం లెక్క చూసి నృసింహం గారు చప్పట్లు కొట్టారు. మీగడ పరిచిన మేరంతా గాలి లేదు, అల లేదు. నేను ఓడకి ఫోన్ చేశాను. కెప్టెన్ గొంతు గాలి హోరులో కొట్టుకుపోతోంది. "గాలి లేదని ఎవరు చెప్పారమ్మా? మా జెండా చిరిగిపోతోంది," అన్నాడు.

మోసం ఇక్కడుంది. ఉపగ్రహానికి గాలి కనపడదు. గాలి నీటి మీద లేపే గరుకుని చూసి, గరుకెక్కువైతే గాలెక్కువ అని లెక్కకడుతుంది. మీగడ ఆ గరుకుని తుడిచేస్తుంది. దాంతో ఉపగ్రహం గాలే లేదంటుంది. ఆ లెక్కనే నా కంప్యూటరు మింగి, పడవలవాళ్ళకి పచ్చరంగు కక్కుతుంది. నీళ్ళలో నిలిపిన కొలత పరికరం ఒక్కటే పెద్ద అలల పొంగు ఉందని మొత్తుకుంటోంది. దాన్ని ఉపగ్రహం లెక్కతో కలిపి సగటు తీస్తే హద్దు లోపలికి వస్తుంది. సగటు మీద ఎవడైనా పడవ నడుపుతాడా?

ఆ సాయంత్రం ఇంట్లో వంటింటి గట్టు దగ్గర మా ఇద్దరికీ గొడవైంది.

"నీ మందు నా కళ్ళు పొడిచింది," అన్నాను.

"నా మందు అలల్ని తగ్గించలేదా? నువ్వే చూసినావు కదా."

"చిన్న అలల్ని తగ్గించింది." పొయ్యి మీద నుంచి దించిన పాలగిన్నె అక్కడే ఉంది, మీగడ కట్టి. "చూడు, ఈ పాలు ఎంత కదలకుండా ఉన్నాయో." గిన్నెను చెవి పట్టుకుని ఒక్క ఊపు ఊపాను. పాలు మీగడతో సహా పొర్లి గట్టంతా పాకాయి. "దూరాన తుఫాను పుడితే వచ్చే పొంగు ఇది. నీ పొర దాన్ని ఆపుతుందా?"

ఓబుళేసు గుడ్డ తెచ్చి గట్టు తుడవడం మొదలుపెట్టాడు. "ఆపదు," అన్నాడు చివరికి. "ఆపుతాదని నేను యాడా చెప్పలేదే."

"ఆపదని కూడా చెప్పలేదు కదా."

"చెరువులిస్తామన్నారు కస్తూరీ," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ మాటలో ఉన్న దిగులు మాత్రం తెలియకపోలేదు. చెరువు ఎండిన ఊళ్ళో పెరిగినవాడు.

ప్రయోగం తేదీ ఖాయమైంది. మీగడ చల్లే ఓడ మీద ఓబుళేసుని పంపారు. మమ్మల్నందర్నీ ముందురోజే దిబ్బ మీద ఉంచేసి, ఫోన్లు తీసుకుని గేట్లు మూశారు. అది ఎప్పుడూ ఉన్న పద్ధతే. అండమాన్ దిక్కున తుఫాను బలపడింది. మన తీరానికి రాదు, కానీ దాని పొంగు మర్నాడు మధ్యాహ్నానికి వస్తుంది. వెంట గాలీ వస్తుంది. పట్టీ నిండా మీగడ పరిచి ఉంది కాబట్టి కంప్యూటరు పచ్చరంగు చూపిస్తోంది. నేను నృసింహం గారి గదిలోకి వెళ్ళాను.

"ప్రయోగం సంగతి మీ ఇష్టం. నా అభ్యంతరం చెప్పాను, మీరు కొట్టేశారు. పడవల సూచన మాత్రం ఎర్రరంగుకి మారుస్తున్నాను సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మార్చకూడదు."

"ఎందుకని?"

"ఆలోచించమ్మా. పడవలు పోవడానికి పనికిరాని సముద్రం మీద మనుషుల్ని ఎలా ఎగరేస్తున్నారని పేపరువాళ్ళు అడగరూ? ఒకే సముద్రానికి రెండు రంగులు ఎలా చెబుతాం?"

"రెండు చెప్పొద్దు సార్. ఉన్నది ఒకటే రంగు, ఎరుపు."

"లెక్కలు పచ్చ అంటున్నాయి."

"లెక్కల్ని ఆ మాట అనేలా చేసింది మనం!"

"గట్టిగా అరవకండి," అన్నారు ఆయన మెల్లగా. రంగు మార్చే నా అధికారాన్ని ఆ సాయంత్రమే తన పేరు మీదికి మార్చుకున్నారు. ఈ తీరంలో పాలెం పాలెం నా మాట నమ్మి తెల్లారకముందే వేటకి పోతుంది. ఆ మాట ఇప్పుడు నాది కాదు, అయినా నా పేరు మీదే పోతుంది. అంతకంటే నన్ను ఒడ్డున నిలబెట్టి చెప్పుతో కొట్టినా బాగుండేది.

ఉదయం, ఎక్కబోయే ముగ్గురికీ వాతావరణం చెప్పడానికి అద్దాల గదికి వెళ్ళాను. జబ్బులు అంటకుండా వాళ్ళు అద్దానికి అటు, నేను ఇటు. చెవులకి హెడ్‌ఫోన్లు. నాయకురాలు మృణాళిని నౌకాదళంలో విమానాలు నడిపిన మనిషి. ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పాను. మీగడ, గుడ్డి ఉపగ్రహం, మధ్యాహ్నం పొంగు.

ఆమె ఇద్దరు సహచరుల వైపు చూసింది. వాళ్ళు తల పంకించారు. "మేం పొంగు రాకముందే పైన ఉంటాం. దారిలో పాడైతే మా ఖర్మ. అదంతా తెలిసే ఎక్కుతున్నాం," అంది. తర్వాత అద్దానికి దగ్గరగా వచ్చింది. "మీ ముఖం మా కోసం అలా లేదు. ఎవరి కోసం?"

"పడవల కోసం. అప్పుడే వెళ్ళిపోయి ఉంటాయి. మా అన్న కూడా."

"వాళ్ళకి తెలుసా?"

"తెలియదు."

"మాకు చెప్పారుగా. వాళ్ళకీ చెప్పండి."

"నా దగ్గర ఫోన్ కూడా లేదు మేడమ్."

"మైకు ఉందిగా," అంది ఆమె.

ప్రయోగం రోజున పడవలు పట్టీలోకి రాకూడదు. పడవలవాళ్ళు పట్టీ అంచున వలలు దింపుకుని, దారి ఎప్పుడు తెరుస్తారా అని రేడియో వింటూ ఉంటారు. ఆ రోజు నియంత్రణ గది మాటలన్నీ రేడియోలో ప్రత్యక్ష ప్రసారం. చివర్లో ఒక్కొక్క విభాగాన్నీ పేరు పెట్టి పిలుస్తారు. ఇంజన్లు సిద్ధం, ఇంధనం సిద్ధం అని ఒక్కొక్కరూ ఒక్క మాట చెబుతారు. ఆ మాట కోసం ఒక్కొక్కరి ముందు ఒక మైకు.

నృసింహం గారు అందర్నీ పిలుచుకుంటూ వచ్చారు.

"వాతావరణం?"

"సిద్ధం కాదు," అన్నాను. గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. నేను మైకు మీదికి వంగి, మా పాలెం గొంతుతో మాట్లాడాను. "అన్నల్లారా, నేను గుల్లలపాలెం కస్తూరిని. మీకొచ్చిన పచ్చరంగు నాది కాదు, నమ్మబాకండి. పొంగు వస్తుండాది. ఈ పొద్దు వేటకి దురాయి. వలలు తెగినా సరే, ఒడ్డుకొచ్చెయ్యండి. దురాయి..."

మైకు ఆగిపోయింది.

దురాయి అంటే ఆ గదిలో ఒక్కరికీ తెలియదు. మా పాలేల్లో పెద్దకాపు, అంటే కులపెద్ద, వేటకి దురాయి వేశాడంటే ఒక్క పడవ కదలదు, కదిలినది వెనక్కి తిరుగుతుంది. ఎందుకని అడిగేవాడు ఉండడు. అడగడం ఒడ్డుకొచ్చాకే. దురాయి వేసే హక్కు పెద్దకాపుది. ఆడది వేసిన దాఖలా మా తాతల నాటి నుంచి లేదు. వాతావరణ శాస్త్రం చెప్పి ఒప్పించే వ్యవధి నాకు లేదు. ఒక్క మాటకే వ్యవధి ఉంది, ఆ మాట వాడాను.

ఇద్దరు కాపలావాళ్ళు వచ్చి నన్ను లేపారు. వెనక నృసింహం గారి గొంతు వినిపిస్తోంది. "పరికరాల సగటు హద్దులోనే ఉంది. ముందుకు." నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. కాసేపటికి గోడలు అదిరాయి. రాకెట్టు వెళ్ళింది. చక్కగా వెళ్ళింది. ముగ్గురూ క్షేమంగా కక్ష్య చేరారని తెలిసి నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతోనే. ఆ తర్వాత ఎవడో పుణ్యాత్ముడు నా గదికి కూడా లడ్డూ పంపాడు.

పడవల సంగతి తర్వాత అన్న చెప్పాడు. నా మాట రేడియోలో వినగానే పక్క బోటులో నాగూరు అనేవాడు ఎగిరిపడ్డాడట. "మీ చెల్లెలికి పిచ్చి పట్టిందా? ఆడమనిషి దురాయి వెయ్యడమేంది?" అన్నాడట. అన్నకీ నా మీద కోపమే వచ్చిందట. అయినా, "వేసింది ఎవరైతే ఏందిరా? దురాయి దురాయే. వల కొయ్యి," అన్నాడట. ఒకరిని చూసి ఒకరు, పట్టీ అంచు పొడుగునా బోట్లన్నీ తిరిగాయి. వాళ్ళు ఒడ్డుకు లాగిన పూటే పొంగు వచ్చింది. జెట్టీ కొసని విరగ్గొట్టి, ఇసుక మీద ఉన్న బోట్లను కూడా ఒకదాని మీదికి ఒకటి తోసేసింది. మీగడ ఓడ మీద ఓబుళేసు మెట్ల మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

కేంద్రం నన్ను వదిలాక మర్నాడు పాలెంలో పంచాయితీ పెట్టారు, నా మీదే. నాగూరు లేచి వలలు పోయాయని, వేట పోయిందని, ఆడదాని నోట దురాయి తగదని చెప్పాడు. అన్న తల దించుకున్నాడు. పెద్దకాపు విరిగిన జెట్టీ వైపు చూశాడు. "ఆ దురాయి నాది," అన్నాడు. "నాకు మైకు లేదు. పాప నోటితో వేశా. ఇంకెవడన్నా మాట్లాడాల్నా?" చదువుకోని పంచాయితీ ఇలా ముగిసింది. చదువుకున్న పంచాయితీ తర్వాత మొదలైంది.

విచారణ సంఘం మొగలిదిబ్బలోనే కూర్చుంది. ఈలోపల ముగ్గురు వ్యోమగాములూ తిరిగొచ్చారు, దేశమంతా ఊరేగారు. నా మీద మోపిన నేరాలు ఇవి: ప్రత్యక్ష ప్రసారంలో అబద్ధపు హెచ్చరిక చేశాను, పడవలవాళ్ళకి నష్టం తెచ్చాను, కేంద్రం పరువు తీశాను. నృసింహం గారు వచ్చి, ఆ రోజు ఉపగ్రహం లెక్క ప్రకారం పట్టీలో గాలి లేదని చెప్పారు. ఒడ్డుకి వచ్చిన పొంగు వేరే విషయమట. ఆయన ఒక్క అబద్ధం చెప్పలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

తర్వాత ఓబుళేసుని పిలిచారు. కట్టు కట్టిన చేత్తో వచ్చి నిలబడ్డాడు.

"సార్, నా మందు ఉపగ్రహానికి గంతలు కడ్తాది. గాలి ఉన్నా లేదంటాది. ఓడ మీద ఉండి నేను చూసినాను," అన్నాడు.

సంఘం చైర్మన్ దగ్గారు. "ఓబుళేసు గారూ, మీ చెరువుల పథకం మంజూరు ఈ నెలలోనే ఉంది. గుర్తుందా?"

"గుర్తుండాది సార్."

"ఇదే మందు గురించి మీరే ఇలా మాట్లాడితే..."

"మా చెరువు ఎండడం కొత్త కాదప్పా," అన్నాడు మా ఆయన. "ఇంకా ఎండనీ. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకోండి."

పాలగిన్నె గొడవ నుంచి నాకు ఆయన మీద మిగిలిన కోపమంతా ఆ క్షణాన పోయింది. నా వైపు చూడకుండానే వచ్చి కూర్చున్నాడు. చివరగా చైర్మన్ నన్ను లేవమన్నారు.

"పొంగు వస్తుందన్నారు, ప్రమాదం అన్నారు. ఆ రోజు సముద్రంలో ఒక్కరైనా చనిపోయారా?"

"లేదండీ."

"ఒక్క పడవైనా మునిగిందా?"

"లేదు. సముద్రంలో పడవలే లేవు."

"అంటే ప్రమాదం జరగలేదు."

"జరగనివ్వలేదు."

ఆయన జాలిగా నవ్వారు. "జరగనిదానికి రుజువెక్కడ ఉంటుందమ్మా?"

నాకు ఒళ్ళు నిలువునా కాలిపోయింది. రెండు శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చి ఉంటే ఈయన నాకు శాలువా కప్పేవాడు. అందరూ బతికారు కాబట్టి నేను అబద్ధాలకోరుని. మనుషులు చస్తే తప్ప ప్రమాదమని ఒప్పుకోని ఈ కళ్ళజోళ్ళకి, ఆ గుడ్డి ఉపగ్రహానికి తేడా ఏముంది?

"రుజువుందండీ," అన్నాను. "పొద్దున్నుంచి వరండాలో కూర్చుని ఉంది. కుర్చీలు చాలక కొంత రుజువు మెట్ల మీద కూడా కూర్చుంది. పిలవండి."

"ఎవరు వాళ్ళు?"

"ఆ రోజు పట్టీ అంచున ఉన్నవాళ్ళు."

"వాళ్ళ సాక్ష్యం సాంకేతికమైనది కాదు, అవసరం లేదు. పంపించెయ్యండి," అన్నారు చైర్మన్ గుమాస్తాతో. గుమాస్తా వెళ్ళి తలుపు తీశాడు. తీసిన తలుపు మళ్ళీ వెయ్యలేకపోయాడు. అన్న లోపలికి వచ్చేశాడు. వెనక గుమ్మం నిండా మనుషులు, వాళ్ళ వెనక ఇంకా మనుషులు. అన్న ఎప్పుడూ ఇలాంటి గదిలో నిలబడి ఎరగడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నాడు, మళ్ళీ వదిలేశాడు.

"అయ్యా, నా పేరు ఆర్ముగం. మాది గుల్లలపాలెం. ఆ పొద్దు పట్టీ అంచున ఉండింది నేను. బతికుండా. రాసుకోండి."

గుమాస్తా చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ బల్ల వైపు చూశారు. అన్న పక్కకి జరిగి దారి ఇచ్చాడు. వెనకున్నవాడు ముందుకొచ్చి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"నా పేరు నాగూరు. నేనూ బతికుండా. రాసుకోండి."